కొత్త సెర్చ్ ఇంజన్‌కు మారాలా? బ్రేవ్, కాగి, డక్‌డక్‌గోలను గూగుల్ పక్కన పెట్టి చూసే పద్ధతి

కొత్త సెర్చ్ ఇంజన్ కనబడగానే ఎవరైనా మొదట కొట్టి చూసేది తమ పేరు. తర్వాత ఒక హీరో పేరు, క్రికెట్ స్కోరు, ఊళ్లో వాతావరణం. అన్నీ బాగానే వస్తాయి. పర్వాలేదనుకుని రెండు రోజులు వాడతారు. మూడో రోజు నిజంగా అవసరమైనదేదో దొరకదు, విసుగొచ్చి గూగుల్‌కు తిరిగొచ్చేస్తారు. ఆ మెచ్చుకోలూ తొందరపాటే, ఈ విసుగూ తొందరపాటే. లక్షల మంది అడిగే ప్రశ్నకు జవాబు చూపలేని ఇంజన్ ఇప్పుడు ఒక్కటీ లేదు. దేని సత్తా ఎంతో బయటపడేది రోజుకు పదిమంది కూడా అడగని ప్రశ్నల దగ్గర. ఫలానా మోడల్ వాషింగ్ మెషీన్ ఫలానా ఎర్రర్ కోడ్ చూపిస్తే ఏం చేయాలి, మ్యుటేషన్ దరఖాస్తు తిరస్కరిస్తే అప్పీలు ఎవరికి చేసుకోవాలి, ఇలాంటివి.

తొలిరోజు హడావిడి ఎంత దూరం తీసుకెళ్తుందో 2008లో 'కూల్' అనే ఇంజన్ చూపించింది. గూగుల్‌లో పనిచేసి బయటికొచ్చిన వాళ్లు పెట్టారు. జులై 28న తెరుస్తూ తమ ఇండెక్స్‌లో, అంటే వెతకడానికి చదివి పెట్టుకున్న నిల్వలో, 12,000 కోట్ల పేజీలున్నాయని, అదే ప్రపంచంలో పెద్దదని ప్రకటించుకున్నారు. ఆ రోజే జనం తాకిడికి సర్వర్లు చేతులెత్తేశాయి. ఫలితాల పక్కన సంబంధం లేని ఫొటోలు వచ్చాయి. 2010 సెప్టెంబరులో మూతపడింది. నీవా సంగతి వేరు. గూగుల్‌లో ప్రకటనల విభాగాన్ని నడిపిన శ్రీధర్ రామస్వామి 2021లో ప్రకటనలు లేని ఇంజన్‌గా దాన్ని జనం ముందుకు తెచ్చారు. ఫలితాలకు పెద్దగా వంక పెట్టడానికి లేదు. అయినా 2023 జూన్‌లో మూసేశారు. ఇంజన్ కట్టడం కన్నా జనం చేత అలవాటు మార్పించడమే కష్టమైందని వాళ్లే చెప్పారు.

కాబట్టి కొత్తదాన్ని చూసేటప్పుడు హోమ్ పేజీ అందం పక్కన పెట్టి మూడు సంగతులు ఆరా తీయాలి: వెనక ఎవరి ఇండెక్స్ ఉంది, డబ్బు ఎక్కణ్నుంచి వస్తోంది, మీ ఫోన్‌లో, లాప్‌టాప్‌లో దాన్ని డిఫాల్ట్‌గా, అంటే ఏం కొట్టినా దానంతటదే అందులో వెతికేలా, పెట్టుకోవడం ఎంత తేలిక. మొదటిది అన్నిటికన్నా ముఖ్యం. విచిత్రంగా, ఎక్కువమంది అడగనిదీ అదే.

ఇండెక్స్ ఎవరిది?

బాట్‌లను, అంటే వెబ్ పేజీలు చదువుతూ తిరిగే ప్రోగ్రాములను, పంపి కోట్ల పేజీలు చదివించి, ఏ మాట ఏ పేజీలో ఉందో రాసిపెట్టుకున్న నిల్వే ఇండెక్స్. మీరు అడిగినప్పుడు అందులోంచి తీసి వరుస పెట్టడం తర్వాతి పని. ఆ నిల్వ తయారుచేయడం, రోజూ తాజాగా ఉంచడం విపరీతమైన ఖర్చు. అందుకే పెద్ద ఎత్తున సొంత ఇండెక్స్ ఉన్నవాళ్లు చాలా తక్కువ. గూగుల్, మైక్రోసాఫ్ట్ వారి బింగ్, రష్యాలో యాండెక్స్, చైనాలో బైదూ. వాటికన్నా చిన్న స్థాయిలో బ్రేవ్, బ్రిటన్‌లోని మోజీక్. మిగతా పేర్లలో చాలావరకు వీళ్ల దగ్గర ఫలితాలు కొనుక్కుని తమ పైపూత వేసి చూపించేవే. డక్‌డక్‌గో వెబ్ లింకులు ప్రధానంగా బింగ్‌వి. యాహూ కూడా బింగ్ మీదే నడుస్తుంది. స్టార్ట్‌పేజ్ గూగుల్ ఫలితాలను మీ గుర్తింపు తీసేసి అందిస్తుంది. ఎకోసియా, క్వాంట్ ఏళ్ల తరబడి బింగ్ మీద ఆధారపడి, ఇప్పుడు యూరప్‌లో కలిసి సొంత ఇండెక్స్ కట్టుకుంటున్నాయి.

అద్దె ఇండెక్స్ తప్పని కాదు. దానివల్ల వచ్చే రెండు చిక్కులు తెలిసి ఉండాలంతే. 2024 మే 23న బింగ్ కొన్ని గంటలు పడిపోతే డక్‌డక్‌గో, ఎకోసియా కూడా ఆగిపోయాయి. గూగుల్‌కు ప్రత్యామ్నాయాలుగా నాలుగు బుక్‌మార్క్‌లు పెట్టుకున్నవాళ్లలో కొందరికి ఆ రోజు నాలుగూ ఒకటేనని తెలిసింది. రెండో చిక్కు, యజమాని మనసు మారడం. బయటివాళ్లు తన ఫలితాలు తీసుకునే దారులైన సెర్చ్ ఏపీఐలను బింగ్ 2025 ఆగస్టు 11న ఆపేసింది. విడిగా ఒప్పందాలున్న పెద్దవాళ్లు నిలబడ్డారు, చిన్నవాళ్లు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఒక ఇంజన్ వెనక ఎవరున్నారో కనిపెట్టడానికి పది నిమిషాలు చాలు. నాలుగైదు మాటలున్న, వార్తలతో సంబంధం లేని ప్రశ్న ఒకటి తీసుకోండి. కొత్త ఇంజన్, గూగుల్, బింగ్, మూడింటినీ ప్రైవేట్ విండోల్లో (క్రోమ్‌లో దీని పేరు ఇన్‌కాగ్నిటో) తెరిచి మొదటి పది లింకులు పక్కపక్కన చూడండి. కొత్తదాని పదిలో ఏడెనిమిది, అదే వరుసలో, బింగ్‌లోనూ ఉంటే అసలు సంగతి తెలిసిపోయినట్టే. ఇలాంటి మూడు ప్రశ్నలకూ అదే జరిగితే ఇక సందేహం అక్కర్లేదు. నిజాయితీగా నడిచే కంపెనీలు తమ సహాయ పేజీల్లోనే ఈ విషయం రాస్తాయి. ఎక్కడా రాయకుండా "మా ప్రత్యేక సాంకేతికత" అని మాత్రమే చెప్పేవాటితో కాస్త జాగ్రత్త.

ఇరవై ప్రశ్నల పరీక్ష

పరీక్షకు ప్రశ్నలు అప్పటికప్పుడు ఊహించుకుంటే పనికిరావు, తేలికవే గుర్తొస్తాయి. బ్రౌజర్ హిస్టరీ తెరవండి. లాప్‌టాప్‌లో కంట్రోల్ నొక్కి ఇంగ్లీషు హెచ్ నొక్కితే వస్తుంది. గత నెలలో మీరు నిజంగా వెతికినవాటిలోంచి ఇరవై ఏరుకోండి. సైటు పేరు తెలిసీ సోమరితనంతో కొట్టినవి నాలుగుకు మించకూడదు. ఎలా చేయాలో తెలుసుకోవడానికి వెతికినవి ఐదారు, తెలుగు లిపిలో వెతికినవి నాలుగు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టినవి రెండు, ఈ వారంలో మారిన విషయాలు రెండు, మిగతావి మీ ఉద్యోగానికి సంబంధించినవి ఉండేలా చూసుకోండి. మొదటిసారి దొరక్క మాటలు మార్చి మళ్లీ మళ్లీ వెతికినవి హిస్టరీలో కనబడతాయి. వాటిని అస్సలు వదలొద్దు, అసలు పరీక్ష అవే.

ఒకే రోజు, ఒకే నెట్ కనెక్షన్ మీద, ప్రైవేట్ విండోలో చేయాలి. లాగిన్ అయి ఉంటే గూగుల్‌కు మీ అలవాట్లు తెలుసు, కొత్తదానికి తెలియవు. అది సమానమైన పోటీ కాదు. పైన చూపే ఏఐ జవాబుకు మార్కులు వేయకండి, లింకులకే వేయండి. కావలసిన పేజీ మొదటి మూడు లింకుల్లో ఉంటే 2, మొదటి పదిలో ఉంటే 1, లేకపోతే 0. ప్రకటనలను లెక్కలోంచి తీసేయండి. కానీ మొదటి అసలు ఫలితం చేరడానికి ఎన్ని ప్రకటనలు దాటాల్సి వచ్చిందో పక్కన రాసుకోండి. 40కి 32 దాటితే రోజువారీ వాడకానికి పెట్టుకోవచ్చు. 26 లోపయితే రెండో ఇంజన్‌గా సరే, మొదటిదిగా వద్దు. మధ్యలో ఉంటే సున్నాలు ఎక్కడ పడ్డాయో చూడండి. అన్నీ దుకాణాలు, దారులు, ఫోన్ నంబర్ల దగ్గరే పడితే ఆ పనికి మ్యాప్స్ యాప్ విడిగా వాడుకోవచ్చు. మీ ఉద్యోగ ప్రశ్నల దగ్గర పడితే మాత్రం మొహమాటం వద్దు, పక్కన పెట్టేయండి.

ఈ పరీక్ష పాడయ్యేది ఎక్కువగా ఒకే చోట: దేశం సెట్టింగ్. కొత్త ఇంజన్లలో చాలాసార్లు "అన్ని ప్రాంతాలు" అని ఉంటుంది. అలాగే వదిలేస్తే ఆదాయపు పన్ను గురించి అడిగితే అమెరికా పన్ను శాఖ పేజీలు, గ్యాస్ స్టవ్ రిపేరంటే అక్కడి కంపెనీలు వస్తాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇండియా ఎంచుకున్నాకే మొదలుపెట్టండి. ఇండెక్స్ తక్కువైందని జనం తిట్టుకునే సందర్భాల్లో చాలావాటికి అసలు కారణం ఇదే.

తాజాదనం తేల్చడానికి తెలుగు రాష్ట్రాల్లోనే మంచి ప్రశ్నలున్నాయి. తెలంగాణలో ధరణి స్థానంలో భూభారతి పోర్టల్‌ను 2025 ఏప్రిల్ 14న ప్రారంభించారు. "ధరణి మ్యుటేషన్" అని కొట్టి చూడండి. భూభారతి గురించి చెప్పే పేజీ పైన కనబడితే ఇండెక్స్ బతికున్నట్టు. 2021 నాటి "ధరణిలో స్లాట్ బుక్ చేసుకోవడం ఎలా" వ్యాసాలే వరుసగా వస్తే, ఆ ఇంజన్ బాట్ మన సైట్ల వైపు అరుదుగా వస్తోందని అర్థం. రెండోది, ఎంసెట్. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరీక్ష పేరు 2021లోనే ఈఏపీసెట్ అయింది, తెలంగాణలో కొంత ఆలస్యంగా మారింది. జనం ఇంకా ఎంసెట్ అనే కొడతారు. పాత పేరుతో వెతికితే కొత్త పేరున్న అధికారిక సైటు రావాలి.

కాగి: డబ్బు కట్టి వెతకడం

ఇప్పుడున్న పోటీదారుల్లో ఆలోచన పరంగా అందరికన్నా భిన్నమైనది కాగి. 2022 జూన్‌లో అందరికీ బీటాగా, అంటే ప్రయోగ దశలో, తెరుచుకుంది. ప్రకటనలు లేవు, నెల చందా ఉంది. ఊరికే చూడడానికి 100 శోధనలు ఉచితం. నెలకు 5 డాలర్లకు 300 శోధనలు, 10 డాలర్లకు పరిమితి లేకుండా. మన డబ్బుల్లో 10 డాలర్లంటే నెలకు దాదాపు 900 రూపాయలు, పైన కార్డు వాళ్ల ఫారెక్స్ చార్జీ. 300 శోధనలంటే రోజుకు పది. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి అవి మధ్యాహ్నం భోజనంలోపే అయిపోతాయి. కాబట్టి 5 డాలర్ల ప్లాన్ ఫోన్‌లో అప్పుడప్పుడూ వెతికేవాళ్లకే.

ఇండెక్స్ విషయంలో ఇది మిశ్రమం. టెక్లిస్ అనే చిన్న సొంత ఇండెక్స్ ఉంది, మిగతాది బయటివాళ్ల దగ్గర తెచ్చుకున్న ఫలితాలు. మీరు కట్టే డబ్బు అసలు ఆ సరుకుకు కాదు, దాన్ని మీ ఇష్టం వచ్చినట్టు వరుస మార్చుకునే వీలుకు. ప్రతి ఫలితం పక్కన డాలు ఆకారంలో చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ సైటును పూర్తిగా ఆపేయడం, కిందికి దించడం, మామూలుగా ఉంచడం, పైకి లేపడం, అన్నిటికన్నా పైన కట్టేయడం, ఐదు స్థాయిలు కనబడతాయి. ఒకసారి పెడితే ఇక ఎప్పటికీ అంతే. వాడేవాళ్లు మొదటి వారంలో చేయాల్సిన పని ఇది: లాగిన్ కాకపోతే ఫొటో కూడా చూడనివ్వని సైట్లు, ప్రశ్న ఒకచోట జవాబు ఇంకోచోట దాచేవి, యంత్రం రాసిన చప్పిడి వ్యాసాలతో నిండినవి, ఓ ముప్పై సైట్లను ఆపేయడం. వికీపీడియాను, మీ రంగానికి చెందిన రెండు మూడు మంచి సైట్లను పైకి లేపడం. ఇలా చేయకుండా నెల వాడి "గూగుల్ కన్నా గొప్పగా ఏముంది" అనేవాళ్లు సగం సరుకు వాడకుండానే డబ్బు కట్టినవాళ్లు.

ప్రశ్న చివర ప్రశ్నార్థకం పెడితేనే ఏఐ జవాబు ఇస్తుంది, లేకపోతే లింకులే. అడక్కుండా జవాబు చెప్పే ఇంజన్లతో విసిగినవాళ్లకు ఈ ఒక్క మర్యాదే చాలనిపిస్తుంది.

ఇబ్బందులు లేకపోలేదు. ఖాతా తప్పనిసరి కాబట్టి ప్రతి బ్రౌజర్‌లో లాగిన్ కావాలి. ప్రైవేట్ విండోలో పనిచేయాలంటే సెట్టింగ్స్‌లో దొరికే సెషన్ లింకును వాడుకోవాలి. మీ పేరున్న కార్డుతో చందా కట్టి, అదే ఖాతాతో వెతుకుతున్నప్పుడు గోప్యత ఎంత అన్న ప్రశ్న వస్తుంది. 2025లో వచ్చిన ప్రైవసీ పాస్ అనే సదుపాయం ఖాతాకూ శోధనకూ మధ్య లంకె తెంపుతుంది. కానీ అది పెట్టుకుంటే ఖాతాలో దాచుకున్న మీ సైట్ల వరుస ఆ శోధనలకు వర్తించకపోవచ్చు, చూసుకుని ఆన్ చేయండి. ఇక మన దగ్గర ప్రత్యేకంగా వచ్చే చిక్కు కార్డు. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం నెలనెలా ఆటోమేటిక్‌గా కోత పడాలంటే ఈ-మ్యాండేట్, అంటే అందుకు మీరిచ్చే ముందస్తు అనుమతి, నమోదు కావాలి. విదేశీ కంపెనీలతో అది కొన్ని బ్యాంకుల్లో కుదరదు. అలాంటప్పుడు మొదటి నెల డబ్బు సజావుగా పోయి, రెండో నెల చెల్లింపు తిరస్కరణకు గురికావచ్చు. అప్పుడు కార్డు పాడైందని కంగారుపడక్కర్లేదు. వేరే బ్యాంకు క్రెడిట్ కార్డు పెట్టి చూడండి, లేదా ఏడాది చందా ఒకేసారి కట్టేయండి. అయితే 100 ఉచిత శోధనలు, కనీసం ఒక నెల చందా అయ్యాకే ఏడాది గురించి ఆలోచించాలి.

బ్రేవ్: ఉచితం, సొంత ఇండెక్స్

బ్రేవ్ బ్రౌజర్ కంపెనీ 2021 మార్చిలో టెయిల్‌క్యాట్ అనే ఇంజన్‌ను కొని, అదే ఏడాది జూన్‌లో బ్రేవ్ సెర్చ్‌ను బీటాగా తెచ్చింది. మొదట్లో కొంతభాగం బింగ్ నుంచి తీసుకునేది. 2023లో వెబ్ ఫలితాలను, తర్వాత ఫొటోలు, వీడియోలను కూడా బింగ్ నుంచి విడదీసుకుంది. చిన్న కంపెనీ ఇంతవరకు రాగలగడం మామూలు విషయం కాదు. బ్రేవ్ బ్రౌజర్ వాడేవాళ్లలో ఒప్పుకున్నవారి నుంచి, ఎవరన్నది తెలియకుండా, ఏ పేజీలు చూస్తున్నారో సమాచారం తీసుకుని ఇండెక్స్‌లో చేరుస్తారు. దీని ఫలితం సూటిగా కనబడుతుంది: బ్రేవ్ వాడే జనం ఎక్కువగా తిరిగే విషయాల్లో, అంటే ప్రోగ్రామింగ్, లినక్స్, క్రిప్టో, అమెరికా వార్తల్లో, బలంగా ఉంటుంది. వాళ్లు తిరగని చోట పలచబడుతుంది. కర్నూలు జిల్లాలో ఒక మండలం గురించి అడిగితే వికీపీడియా, జనాభా లెక్కల సైట్లు దాటి ముందుకు పోవడం కష్టం.

ఇందులో ప్రత్యేకమైనది గాగుల్స్. ఫలితాల వరుసను మార్చే నియమాల ఫైలు అన్నమాట. పైకి లేపు, కిందికి దించు, తీసెయ్యి, ఈ మూడు ఆదేశాలతో సైట్ల జాబితా రాసి గిట్‌హబ్ లాంటి, ఫైళ్లు అందరికీ పంచే సైటులో పెడితే ఎవరైనా వాడుకోవచ్చు. కాగిలో నొక్కితే అయ్యే పని ఇక్కడ ఫైలు రాస్తే అవుతుంది, కాకపోతే డబ్బు అక్కర్లేదు. ఉపాధ్యాయులకు, లైబ్రరీలకు ఇది బాగా పనికొస్తుంది. ఒక్కరు తయారుచేస్తే తరగతి అంతా వాడుకోవచ్చు. పైన వచ్చే ఏఐ జవాబు వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చు. ప్రకటనలున్నాయి, గూగుల్‌తో పోలిస్తే తక్కువ.

డక్‌డక్‌గో గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, 2008 నుంచి ఉన్నదే. ఫలితాలు బింగ్‌వి కాబట్టి బింగ్ నచ్చనివాళ్లకు ఇదీ నచ్చదు. వదులుకోలేనిది దాని బ్యాంగ్ సదుపాయం: ప్రశ్న ముందు ఆశ్చర్యార్థకం, దాని పక్కనే ఇంగ్లీషు డబ్ల్యూ పెడితే నేరుగా వికీపీడియాలో, జీ పెడితే గూగుల్‌లో వెతుకుతుంది. బ్రేవ్‌లో, కాగిలో కూడా ఇవి పనిచేస్తాయి. కొత్త ఇంజన్‌కు మారినవాళ్లకు ఇదే ఊతకర్ర. బింగ్‌ను నేరుగా వాడడానికి ఫొటోలు, వీడియోల వెతుకులాట తప్ప ప్రత్యేక కారణం కనబడదు. మోజీక్‌ను ఇంగ్లీషు చిన్న సైట్ల కోసం సరదాగా చూడవచ్చు, తెలుగుకు మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

తెలుగులో వెతికితే

ఇక్కడ గూగుల్‌కు దగ్గరగా వచ్చినవాళ్లు ఇంకా లేరు. కారణాలు ఇండెక్స్ సైజు దగ్గర ఆగవు. "మిరపలో నల్ల తామర పురుగు నివారణ" అని వెతికామనుకోండి. 2021–22లో రెండు రాష్ట్రాల మిర్చి రైతులనూ దెబ్బతీసిన పురుగు అది. మంచి సమాచారమున్న పేజీలో "మిర్చి తోటల్లో తామర పురుగులు" అని ఉండవచ్చు, "మిరప పంటకు నల్ల తామరపురుగు" అని కలిపి రాసి ఉండవచ్చు. "మిరపలో" అన్న మాటలోంచి "లో"ను విడదీయడం, మిరపా మిర్చీ ఒకటేనని తెలియడం, "తామర పురుగు", "తామరపురుగు" రెంటినీ కలపడం, మూడూ చేతనైతేనే ఆ పేజీ దొరుకుతుంది. చేతకాని ఇంజన్ అక్షరం అక్షరం సరిపోల్చుకుని తామర పువ్వు పేజీ చూపిస్తుంది.

రాతలో తేడాలు ఇంకో తలనొప్పి. పింఛను, పింఛన్, పెన్షన్, హైదరాబాదు, హైదరాబాద్, పాసుపుస్తకం, పాస్ పుస్తకం, పాస్‌బుక్. "హైదరాబాద్‌లో" అని రాసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీసే అక్షరం ఒకటి వస్తుంది. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. కంటికి ఒకేలా ఉన్న మాట కూడా కంప్యూటర్‌కు రెండు వేరు మాటలు కావచ్చు. గూగుల్ వీటిలో చాలావాటిని సర్దుకుంటుంది. మిగతా ఇంజన్లలో వెతికేటప్పుడు మీరే కొంత సాయం చేయాలి: విభక్తులు తీసేసి మూల రూపాలు కొట్టండి. "మిరపలో పురుగుకు మందు" బదులు "మిరప తామర పురుగు మందు". ఒకటి దొరక్కపోతే పర్యాయపదంతో ఇంకోసారి. కోట్స్‌లో పెట్టి వెతకడం తెలుగులో ఎక్కువసార్లు నష్టమే చేస్తుంది, పాట పల్లవి లాంటి కచ్చితమైన వాక్యానికి తప్ప.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టే అలవాటున్నవాళ్లకు తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది. గూగుల్ దాన్ని తెలుగుగా గుర్తుపట్టి రెండు లిపుల పేజీలూ ఇస్తుంది. చిన్న ఇంజన్లు అది ఏ భాషో తేల్చుకోలేక, ఆ స్పెల్లింగ్ యథాతథంగా ఉన్న యూట్యూబ్ శీర్షికల దగ్గర ఆగిపోతాయి.

ఏ ఇంజన్‌లోనూ దొరకనివీ ఉన్నాయి. అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్ అక్షరాలు రాకముందు తెలుగు పత్రికల సైట్లు తమ తమ సొంత ఫాంట్లలో ఉండేవి. అలాంటి పాత పద్ధతి 'అను' ఫాంట్లలో తయారైన పీడీఎఫ్‌లు కంటికి చక్కగా కనబడతాయి, కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం వస్తుంది. బాట్ చదివేది కూడా ఆ గందరగోళాన్నే. స్కాన్ చేసిన ప్రభుత్వ ఉత్తర్వుల పరిస్థితీ ఇంతే. వీటికోసం ఇంజన్లు మార్చి ప్రయోజనం లేదు. జీవో నంబరు, శాఖ, తేదీ తెలుసుకుని సంబంధిత సైటులోనే వెతకాలి.

గూగుల్‌లోనే ఉండాలనుకుంటే

మారడం ఇష్టంలేని వాళ్లకు సగం ఊరట గూగుల్ లోపలే ఉంది. 2024 మేలో "వెబ్" అనే ఫిల్టర్ వచ్చింది. ఫలితాల పైన వరుసలో, ఒక్కోసారి "మరిన్ని" కింద, ఉంటుంది. నొక్కితే ఏఐ జవాబు, వీడియోల పెట్టెలు, "ఇతరులు అడిగినవి" పోయి లింకులే మిగులుతాయి. ప్రతిసారీ నొక్కకుండా దాన్నే డిఫాల్ట్ చేసుకోవచ్చు, ఎలాగో కింద ఉంది. లాప్‌టాప్‌లో "టూల్స్" కింద "వెర్బాటిమ్" ఎంచుకుంటే మీ మాటలను దిద్దకుండా ఉన్నవి ఉన్నట్టు వెతుకుతుంది. పార్ట్ నంబర్లు, ఎర్రర్ కోడ్లు వెతికేటప్పుడు తప్పకుండా వాడండి. గోప్యత గురించి బెంగయితే ఖాతా సెట్టింగ్స్‌లో మూడు నెలలు దాటిన హిస్టరీ దానంతటదే చెరిగిపోయేలా పెట్టండి.

జవాబు చెప్పే ఇంజన్లు, అంటే పర్‌ప్లెక్సిటీ, చాట్‌జీపీటీ సెర్చ్ లాంటివి, ఈ పోలికలో నేరుగా ఇమడవు. 2025 జులైలో ఎయిర్‌టెల్ తన ఖాతాదారులకు పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఉచితంగా ఇవ్వడంతో మన దగ్గర చాలామంది చేతికి అందింది. నాలుగు పేజీలు చదివి పోల్చి చెప్పాల్సిన పనికి బాగుంటాయి. అయితే బీబీసీతో కలిసి యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 2025లో చేసిన అధ్యయనంలో వార్తలపై ఏఐ సహాయకులు చెప్పిన జవాబుల్లో 45 శాతంలో కనీసం ఒక పెద్ద లోపం దొరికింది. జవాబులో అంకె, తేదీ, పేరు ఉంటే పక్కనున్న మూలం లింకు తెరిచి, ఆ మాట అక్కడ నిజంగా ఉందో లేదో పేజీలో వెతికి చూడండి. ఒక్కోసారి లింకు అసలుదే అయి ఉంటుంది, అందులో ఆ సంగతి మాత్రం ఉండదు. ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

ఏ ఇంజన్ అయినా సరే, కస్టమర్ కేర్ నంబరు ఫలితాల్లోంచి గానీ ఏఐ జవాబులోంచి గానీ తీసుకోకండి. మోసగాళ్లు దొంగ నంబర్లతో పేజీలు పెట్టి పైకి తేవడం పాత విద్య. బ్యాంకు నంబరు కార్డు వెనకాల ఉంటుంది, గ్యాస్ నంబరు బిల్లు మీద ఉంటుంది. భూమి రికార్డుల విషయంలోనూ అంతే. "మీభూమి అడంగల్" అని కొడితే అచ్చం ప్రభుత్వ సైటులా ఉండే ప్రైవేటు పేజీలు వస్తాయి. సైటు పేరు చివర "గవ్ డాట్ ఇన్" ఉందో లేదో చూసి గానీ ఆధార్, సర్వే నంబరు కొట్టొద్దు. నిజానికి ఇరవై ప్రశ్నల పరీక్షలో దీన్నీ ఒకటిగా చేర్చవచ్చు. అసలు సైటు మొదట రాకపోతే ఆ ఇంజన్‌ను ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో డిఫాల్ట్‌గా పెట్టకండి.

డిఫాల్ట్ మార్చడం

డిఫాల్ట్ స్థానానికి ఎంత విలువుందంటే, దానికోసం గూగుల్ 2021లో ఇతర కంపెనీలకు 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టు విచారణలో బయటపడింది. మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేశాక, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు సెట్ చేసుకునేటప్పుడు సెర్చ్ ఇంజన్ ఎంచుకునే తెర చూపిస్తామని గూగుల్ 2023 జనవరిలో చెప్పింది. ఆ తెర దాటేసినవాళ్లు సెట్టింగ్స్‌లో మార్చుకోవాలి.

లాప్‌టాప్ క్రోమ్‌లో: కొత్త ఇంజన్ తెరిచి "పరీక్ష" అని ఒకసారి వెతకండి. అడ్రస్ బార్‌లో వచ్చిన చిరునామా మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి. అందులో మీరు కొట్టిన మాట ఉన్నచోట, అది తెలుగు కాబట్టి శాతం గుర్తులు, అంకెలతో పొడుగ్గా కనబడవచ్చు, అదంతా తీసేసి ఒక శాతం గుర్తు, దాని వెంటనే చిన్నబడి ఇంగ్లీషు ఎస్ పెట్టండి. దాని తర్వాత అనవసరమైన తోక ఉంటే తీసేయండి. సెట్టింగ్స్‌లో "సెర్చ్ ఇంజన్", అందులో "సైట్ సెర్చ్" కింద "యాడ్" నొక్కి ఆ చిరునామా పెట్టండి. మూడు చుక్కలు నొక్కి డిఫాల్ట్ చేయండి. గూగుల్ "వెబ్" ఫిల్టర్‌కూ ఇదే పద్ధతి. ఫిల్టర్ నొక్కిన తర్వాత వచ్చిన చిరునామా కాపీ చేయాలి, అందులో "యూడీఎమ్ సమానం 14" అన్న ముక్క ఉంటుంది. దాన్ని మాత్రం చెరపకండి, ఫిల్టర్ పనిచేసేది దానివల్లే.

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో చిరునామా రాసే వీలు లేదు. మామూలు ట్యాబ్‌లో కొత్త ఇంజన్ సైటు తెరిచి ఒకసారి వెతికితే, సెట్టింగ్స్‌లోని జాబితాలో "ఇటీవల చూసినవి" కింద చేరుతుంది. ఇన్‌కాగ్నిటోలో వెతికితే చేరదు. జాబితాలో రావడం లేదని చెప్పేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు అదే. క్రోమ్‌లో మార్చినా హోమ్ స్క్రీన్ మీది గూగుల్ పెట్టె మారదు, దాన్ని తీసేసి కొత్త ఇంజన్ విడ్జెట్ పెట్టుకోవాలి. ఐఫోన్ సఫారీలో గూగుల్, యాహూ, బింగ్, డక్‌డక్‌గో, ఎకోసియా మాత్రమే ఉంటాయి. కాగికి సఫారీ ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. బ్రేవ్ సెర్చ్ కావాలంటే బ్రేవ్ బ్రౌజర్ వాడడమే తేలిక.

ప్రోగ్రామర్లు, పరిశోధకులు, రోజంతా ఇంగ్లీషులో వెతికేవాళ్లు కాగి 100 శోధనలతో మొదలుపెట్టవచ్చు. డబ్బు కట్టే ఉద్దేశం లేకపోతే బ్రేవ్. తెలుగులోనే ఎక్కువగా వెతికేవాళ్లు, ఊళ్లో దుకాణాలు, డాక్టర్లు, దారులు వెతుక్కునేవాళ్లు గూగుల్ "వెబ్" ఫిల్టర్‌తో ఉండిపోవడం మేలు. ఇంకోదానికి మారినవాళ్లు రెండు వారాల పాటు ఎన్నిసార్లు ఆశ్చర్యార్థకం, జీ పెట్టి గూగుల్‌కు పరిగెత్తారో హిస్టరీలో లెక్కపెట్టండి. పది శోధనలకు ఒకటి రెండుసార్లయితే మార్పు కుదిరినట్టే. పది శోధనలకు నాలుగు దాటితే డిఫాల్ట్‌ను మళ్లీ గూగుల్‌కు మార్చేసి, కొత్తదాన్ని అడ్రస్ బార్‌లో ఒక్క అక్షరం షార్ట్‌కట్‌గా ఉంచుకోండి. కాగి చందా కట్టి ఉంటే గడువు తేదీకి రెండు రోజుల ముందే రద్దు చేయండి.